గొంతు ఒకరిది, ముఖం ఒకరిది: నేపథ్యగానంలో కర్తృత్వం – ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో విడుదలైన ‘మాయాబజార్’లో ఇద్దరు శశిరేఖలు కనిపిస్తారు. ఒకరు బలరాముడి కుమార్తె. మరొకరు ఆమె రూపం ధరించిన ఘటోత్కచుడు. తెరపై ఇద్దరి ముఖమూ సావిత్రిదే. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతులు వేరవుతాయి. వెన్నెల రాత్రి నౌకావిహారంలో అభిమన్యుడితో గొంతు కలిపే అసలు శశిరేఖకు పి. లీల పాడారు. పెళ్ళి సంబరంతో చిందులు వేసే మాయా శశిరేఖకు పి. సుశీల పాడారు. ఆ పాటలోనే లోపలి రాక్షసుడు తొంగిచూసే చోట ఘంటసాల గొంతు చేరుతుంది. ఆడపిల్ల ఒంటి మీద మగవాడి ఠీవి ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. ఆ ఠీవి కోసం సావిత్రి ఎస్.వి. రంగారావు హావభావాలను తన దేహంలోకి తెచ్చుకున్నారు.

ఈ పాట ఎవరిది? సినిమా చూసినవారు సావిత్రి పాట అంటారు. రేడియోలో విన్నవారు సుశీల పాట అంటారు. సాహిత్య విద్యార్థులు పింగళి నాగేంద్రరావు పాట అంటారు. వీటిలో ఏ జవాబూ అసత్యం కాదు. అయితే ప్రతి జవాబూ మిగిలినవారిని కొంత మరుగుపరుస్తుంది. ఈ మరుగుపాటు కళానుభవానికి సహజమైన లక్షణమా, లేక కళాకారుల పట్ల జరిగే అన్యాయమా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

తెలుగు శాఖల్లో సినిమా పాటను సాధారణంగా గేయ సాహిత్యంగా పరిశీలిస్తారు. ఛందస్సు, అలంకారం, భావుకత, పదబంధం చర్చకు వస్తాయి. పాటను మోసిన గొంతు, దానికి రూపమిచ్చిన ముఖం ఆ చర్చకు వెలుపలే ఉండిపోతాయి. నటీమణులకూ గాయనులకూ మధ్య పాట పంపకమైన తీరును నైతిక దృష్టితో చూడటానికి అలంకారశాస్త్రం ఎంతవరకు తోడ్పడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తేల్చటం ఇక్కడి ఉద్దేశం. రససమయంలో గొంతునూ ముఖాన్నీ వేరు చేయకపోవడం సహృదయ ధర్మమనీ, రససమయం ముగిశాక కూడా వేరు చేసి గుర్తించకపోవడం లోకధర్మానికి లోపమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

‘నేపథ్యం’ అన్న మాట

తెలుగు పద్యనాటకంలో గానమూ నటనా ఒకే దేహంలో ఉండేవి. పద్యం పాడలేని నటుడికి రంగస్థలం మీద చోటు తక్కువ. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఆ సంప్రదాయానికే కొనసాగింపు. అందులో లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయి నాటక సమాజం నుంచి వచ్చిన నటి. తొలి టాకీల కాలంలో నటీనటులు కెమెరా ఎదుట నటిస్తూనే పాడవలసి వచ్చేది. వాద్యకారులు కెమెరా కంటికి ఆనకుండా చేరువలో ఉండి వాయించేవారు.

1935లో కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థ, నితిన్ బోస్ దర్శకత్వంలో బెంగాలీలో ‘భాగ్యచక్ర’నూ, హిందీలో ‘ధూప్ ఛావ్’నూ తీసింది. రాయ్‌చంద్ బోరాల్ సంగీతం కూర్చిన ఈ చిత్రాలతో, పాటను ముందుగా రికార్డు చేసి చిత్రీకరణ వేళ వినిపించే పద్ధతి మన దేశంలో మొదలైంది. తెలుగులో 1943 నాటి ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి పాడటాన్ని నేపథ్యగానానికి ఆరంభంగా చెబుతారు. బాలసరస్వతీదేవి అప్పటికే తెరపై నటించినవారు కావడం గమనార్హం. తన ముఖంతో పాడగల గాయని మరొకరి ముఖానికి గొంతునిచ్చారు.

ఈ పద్ధతికి తెలుగు పెట్టుకున్న పేరులోనే ఈ వ్యాస సమస్య ఇమిడి ఉంది. సంస్కృత నాటకంలో నేపథ్యమంటే తెర వెనుక నటులు వేషం వేసుకునే చోటు. అక్కడి నుంచి వినబడే మాటకు నాటకకర్త ‘నేపథ్యే’ అని సూచన రాస్తాడు. ఆ మాట తెర వెనుక నుంచే వస్తున్నదని ప్రేక్షకుడికి తెలుస్తూనే ఉంటుంది. సినిమాలో ఆ గొంతు తెర మీది పెదవులకు అతుక్కుంటుంది. నేపథ్యానికి వేషమన్న అర్థం కూడా ఉంది. ఆహార్యాభినయాన్ని భరతుడు నేపథ్య విధానంగానే వివరించాడు. కిరీటం, నగ, రంగు ఎలాగో గొంతు కూడా నటి ధరించే ఆహార్యంలో ఒకటి అవుతుందా? కిరీటానికి ఆకలి లేదు, పేరు లేదు, కీర్తి మీద ఆశ లేదు. గొంతు వెనుక ఒక మనిషి ఉంది. వాచికం ఆహార్యంగా మారినప్పుడు ఆ మనిషికి ఏమవుతుందన్నదే అసలు చిక్కు.

పూర్వపక్షం: అరువు గొంతు అసత్యమా?

నేపథ్యగానం మీద వినబడే మొదటి అభ్యంతరం అది మోసమన్నది. పాడని మనిషి పాడినట్టు కనబడుతుంది. పాడిన మనిషి కనబడదు. కనుక చూపుకూ వినికిడికీ మధ్య అబద్ధం ఉందని ఈ వాదం. దీన్ని తేలికగా తోసిపుచ్చటానికి వీల్లేదు. నాటకంలో నటుడి శక్తిని కళ్ళారా చూసి, చెవులారా విని మెచ్చుకున్న తరానికి కొత్త పద్ధతి అరువు సొమ్ముగా కనిపించటం సహజమే.

భరతుడి రససూత్రానికి శంకుకుడు చేసిన వ్యాఖ్యానం ఈ అభ్యంతరానికి సమాధానమిస్తుంది. గోడ మీద గీసిన గుర్రాన్ని చూసి పిల్లవాడు ‘గుర్రం’ అంటాడు. ఆ జ్ఞానం ‘ఇది నిజంగా గుర్రమే’ అన్న సమ్యక్ జ్ఞానం కాదు. ముందు గుర్రమనుకొని తరువాత కాదని తెలుసుకొనే మిథ్యాజ్ఞానమూ కాదు. గుర్రమా కాదా అన్న సంశయం కాదు, గుర్రాన్ని పోలినదన్న సాదృశ్య జ్ఞానమూ కాదు. ఈ నాలుగింటికీ భిన్నమైన ప్రతీతి అది. నటుణ్ణి రాముడిగా గ్రహించటం కూడా ఇటువంటిదేనని శంకుకుడి వాదం. నటుడి అనుకరణ నుంచి రసాన్ని అనుమితి చేస్తారన్న ఆయన సిద్ధాంతాన్ని తరువాతి ఆలంకారికులు ఖండించారు. అయినా చిత్రతురగ న్యాయం మాత్రం రంగస్థల ప్రతీతిని వివరించే ఉపమానంగా నిలిచింది.

ఈ న్యాయాన్ని తెరకు అన్వయిస్తే, సావిత్రి పాడుతున్నదని ప్రేక్షకుడు అనుకోవటం భ్రమ కాదు. గాయని వేరే ఉన్నదన్న ఎరుక అతడికి ఉంది. ఆ ఎరుక అతడి అనుభవానికి అడ్డురాదు. వంచన జరగాలంటే వంచితుడికి నిజం తెలియకూడదు. ఇక్కడ ఇరుపక్షాలకూ నిజం తెలుసు. తోలుబొమ్మలాటలో తెర వెనుక కళాకారిణి సీత పద్యం అందుకుంటే తెర మీద తోలుబొమ్మ చేయి కదుపుతుంది. రాత్రంతా కూర్చుని చూసిన ఊరివారెవరూ తోలుబొమ్మ తమను మోసగించిందని ఫిర్యాదు చేయలేదు.

గొంతూ ముఖమూ ఒకే మనిషివైనంత మాత్రాన సత్యం సిద్ధిస్తుందన్న హామీ కూడా లేదు. స్థానం నరసింహారావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా దశాబ్దాలపాటు ప్రేక్షకులను మెప్పించారు. నడక ఆయనదే, చూపు ఆయనదే, గొంతూ ఆయనదే. అన్నీ ఒకే దేహానివి, అయినా ఆ దేహం సత్యభామది కాదు. కనుక దేహ ఏకత్వం కళాసత్యానికి కొలమానం కాజాలదు. నేపథ్యగానంలో దోషముంటే అది గొంతునూ ముఖాన్నీ కలపటంలో ఉండదు. దాన్ని మరోచోట వెతకాలి.

భానుమతి: ఏకత్వం దేనికి గుర్తు?

తన పాట తానే పాడుకున్న నటిగా భానుమతికి తెలుగు సినిమా చరిత్రలో ప్రత్యేక స్థానముంది. 1939లో ‘వరవిక్రయం’తో తెరకు వచ్చి, ‘స్వర్గసీమ’ (1945), ‘మల్లీశ్వరి’ (1951), ‘విప్రనారాయణ’ (1954) వంటి చిత్రాల్లో నటనకూ గానానికీ తానే బాధ్యత వహించారు. హిందీ తెరపై నూర్జహాన్, సురయ్యాలు ఈ కోవకు చెందినవారు. 1946 నాటి ‘అన్మోల్ ఘడీ’లో ఇద్దరూ ఎవరి పాటలు వారే పాడుకున్నారు. తన గొంతుతో పాడే నటి మిగిలినవారికన్నా నిజాయితీ గలదన్న అభిప్రాయం ఇటువంటి ఉదాహరణల వల్ల బలపడింది.

‘మల్లీశ్వరి’ యుగళగీతాలు ఈ అభిప్రాయాన్ని పరీక్షకు పెడతాయి. సాలూరి రాజేశ్వరరావు సంగీతంలో, దేవులపల్లి కృష్ణశాస్త్రి రచనలో మల్లి పాత్రకు భానుమతి స్వయంగా పాడారు. నాగరాజు పాత్ర ధరించిన ఎన్.టి. రామారావుకు ఘంటసాల పాడారు. ఒకే పాటలో ఒక పక్క గొంతూ ముఖమూ ఒక్కరివి, మరో పక్క ఇద్దరివి. దేహ ఏకత్వమే సత్యమైతే, మల్లి ప్రేమ నిజంగానూ నాగరాజు ప్రేమ నటనగానూ తోచాలి. బావామరదళ్ళ అనురాగం అలా రెండుగా చీలినట్టు ఏ ప్రేక్షకుడికీ అనిపించదు. రసదృష్టిలో సొంత గొంతుకూ అరువు గొంతుకూ తారతమ్యం లేదని ఈ చిత్రమే రుజువు చేస్తుంది.

అయితే భానుమతి ఏకత్వానికి విలువ లేదనటం పొరపాటు. ఆ విలువ సత్యానికి కాక స్వాధీనతకు చెందినది. తన పాటను తనలోనే ఉంచుకున్న నటిని విభజించటం కష్టం. ఆమె ‘చండీరాణి’ (1953)కి దర్శకత్వం వహించారు, భరణి సంస్థలో నిర్మాణ బాధ్యతలు చూశారు, కథలు రాశారు, ‘నాలో నేను’ అన్న ఆత్మకథ రాసుకున్నారు. తన పనిని తన పేరుతోనే లోకానికి ఇచ్చే స్వభావం వీటన్నిటిలోనూ కనిపిస్తుంది.

ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ ఈ విషయాన్ని మరో వైపు నుంచి చూపుతుంది. మేరీ పాత్రకు మొదట ఎంపికైనది భానుమతి. కొంత చిత్రీకరణ జరిగాక ఆమె తప్పుకోగా సావిత్రి ఆ పాత్ర ధరించారు. పాటలు లీల గొంతులో వచ్చాయి. చిత్రం ఘనవిజయం పొందింది, సావిత్రి అగ్రతార అయ్యారు. కళాదృష్టిలో నష్టమేమీ జరగలేదు. కానీ పరిశ్రమ ఒక సూత్రం గ్రహించింది. పాడే నటి వెళ్ళిపోతే ఒక ముఖాన్నీ ఒక గొంతునూ వేర్వేరుగా తెచ్చి ఆ ఖాళీని నింపవచ్చు. విభజన వల్ల సావిత్రికీ లీలకూ అవకాశం దొరికింది. అదే విభజన వల్ల ప్రతి ముఖమూ ప్రతి గొంతూ మార్చదగినవి కూడా అయ్యాయి. నేపథ్యగానానికి సంబంధించిన నైతిక ప్రశ్న ఈ మార్చదగినతనంలో మొదలవుతుంది.

సాధారణీకరణం, దాని హద్దు

భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు మరింత లోతుగా వివరించిన సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం, రసానుభవంలో భావం ఎవరి సొంతమూ కాదు. ఇది నాది, ఇది పరాయిది, ఇది తటస్థుడిది అన్న సంబంధాలు ఆ సమయంలో సడలిపోతాయి. శశిరేఖ ఆనందం సావిత్రిదీ కాదు, లీలదీ కాదు, ప్రేక్షకుడిదీ కాదు. అందరూ పొందదగిన ఆనందంగా అది మిగులుతుంది. ‘మాయాబజార్’ నౌకావిహార గీతంలో కృష్ణాభిమన్యులిద్దరికీ ఘంటసాల గొంతే వినబడుతుంది. మేనమామకూ మేనల్లుడికీ ఒకే గొంతేమిటన్న సందేహం వినేవారికి రాదు. ‘లవకుశ’ (1963)లో బాలురైన కుశలవులకు లీల, సుశీల పాడారు. స్త్రీ గొంతులు బాలుర ముఖాల్లో ఇమిడిపోయాయి. భావం సాధారణమైనప్పుడు దానికి వయసు, లింగభేదం, వ్యక్తి అన్న ఉపాధులు అడ్డుకావు.

ఈ సిద్ధాంతాన్ని అనుభవ పరిధి దాటించి వ్యవహారానికి ముడిపెట్టినప్పుడు ప్రమాదం ఎదురవుతుంది. 1949 నాటి హిందీ చిత్రం ‘మహల్’లో ఖేమ్‌చంద్ ప్రకాశ్ సంగీతంలో లతా మంగేష్కర్ పాడగా, తెరపై మధుబాల కనిపించారు. గ్రామఫోన్ రికార్డు మీద గాయని పేరుగా ‘కామిని’ అని అచ్చయింది. అది మధుబాల ధరించిన పాత్ర పేరు. పాట విన్నవారు ఆ గొంతు ఎవరిదని ఆకాశవాణిని ఉత్తరాలతో అడిగారు. ఈ సంఘటనలో మూడు అంచెలున్నాయి. పాడిన మనిషి పేరు పోయింది, కనిపించిన మనిషి పేరు కూడా రాలేదు, ఎన్నడూ లేని కల్పిత స్త్రీకి పాట దక్కింది. సాధారణీకరణం సహృదయుడి మనసులో జరగవలసిన వ్యాపారం. ఇక్కడ అది రికార్డు చీటీ మీద జరిగింది.

పాట స్వచ్ఛమైన కళ అయితే పేరుతో పనేముందన్న ప్రశ్న రావచ్చు. దీనికి జవాబు అలంకారశాస్త్రంలోనే ఉంది. రసానుభవంలో సొంతం, పరాయి అన్న భేదం సడలుతుందని వివరించిన మమ్మటుడే, కావ్య ప్రయోజనాలను లెక్కించేటప్పుడు యశస్సునూ అర్థాన్నీ ముందు వరుసలో నిలిపాడు. ఆయనకు వీటి మధ్య వైరుధ్యం కనిపించలేదు. కావ్యం చదువుతున్నంతసేపు కవి మరుగవుతాడు. చదివాక అతడికి కీర్తి, ధనం చెందాలి. రససమయానికీ లోకసమయానికీ వేర్వేరు ధర్మాలున్నాయని ప్రాచీనులు ఎరిగే ఉన్నారు. మొదటి దానిలోని విస్మృతిని రెండవ దానికి సాకుగా చూపటం వారి ఉద్దేశం కాదు.

లోకసమయపు ధర్మాన్ని గుర్తించటానికి చట్టానికి చాలా కాలం పట్టింది. ‘మాయాబజార్’ వచ్చిన 1957లోనే భారత కాపీరైట్ చట్టమూ వచ్చింది. ఆ చట్టంలో రచనకు, స్వరకల్పనకు, చలనచిత్రానికి, రికార్డుకు హక్కులున్నాయి. పాడిన గొంతుకు లేదు. 1977లో సుప్రీంకోర్టు సినిమా సంగీతం హక్కుల వివాదంలో తీర్పు చెప్పినప్పుడు జస్టిస్ కృష్ణయ్యర్ ఈ లోపాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారు. భారతీయ సంగీతంలో పాడేవారి సృజనకున్న స్థానాన్ని చట్టం పట్టించుకోలేదన్నది ఆయన అభిప్రాయం. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును తెచ్చింది. 2012 సవరణ వాణిజ్య వినియోగంలో ప్రదర్శకులకు రాయల్టీని, తమ ప్రదర్శన తమదని చెప్పుకొనే నైతిక హక్కును చేర్చింది. ఈ చట్టం నటినీ గాయనినీ ‘ప్రదర్శకులు’ అన్న ఒకే మాటతో నిర్వచించింది. తెర వెనుక, తెర ముందు అన్న భేదాన్ని ఆ నిర్వచనం పాటించలేదు.

సత్కారాల చరిత్ర కూడా ఇటువంటిదే. ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు 1954లో మొదలైనా నేపథ్యగానానికి 1959 దాకా చోటు లేదు. గాయకులకు పురస్కారం లేని సభలో పాడబోనని లతా మంగేష్కర్ అంతకుముందు నిరాకరించారు. చివరకు తొలి పురస్కారం ‘మధుమతి’లోని పాటకు ఆమెకే దక్కింది. జాతీయ స్థాయిలో ఉత్తమ నేపథ్య గాయని పురస్కారాన్ని మొదట అందుకున్నది, 1968 నాటి తమిళ చిత్రం ‘ఉయర్న్ద మనిదన్’లోని పాటకు, పి. సుశీల. మాయా శశిరేఖ పాటకూ ఈ గుర్తింపుకూ మధ్య దశాబ్దానికి పైగా గడిచింది.

పెదవి చేసే పని

ఇంతవరకు జరిగిన చర్చ గాయని పక్షాన సాగింది. దీన్ని ఇక్కడే ఆపితే మరో అన్యాయం జరుగుతుంది. గొంతుకు గుర్తింపు కోరే ఉత్సాహంలో నటి ‘ఊరికే పెదవులు కదిపింది’ అనటం పరిపాటి అయింది. పాటలో నటి చేసే పనిని ఈ మాట పూర్తిగా తుడిచివేస్తుంది.

మూడున్నర నిమిషాల పాటను ముక్కలు ముక్కలుగా, చాలాసార్లు వరుస తప్పించి చిత్రీకరిస్తారు. ప్రతి ముక్కలోనూ నటి ముందూ వెనుకా ఉన్న భావాన్ని గుర్తుపెట్టుకొని, వేరొకరి ఊపిరికి తన ఊపిరి జోడించాలి. పెదవులు మాత్రమే కదిపితే మెడ నరాలు కదలవు. ఆ వెలితిని దగ్గరి చిత్రం వెంటనే పట్టిస్తుంది. గాయని ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఏ అక్షరం మీద నవ్వు దాచిందో, ఏ గమకంలో జంకు చూపిందో నటి గ్రహించాలి. అంటే ఆమె ఆ పాటకు మొదటి భాష్యకర్త. భరతుడి పరిభాషలో గాయని వాచికాన్ని, నటి ఆంగికాన్ని నిర్వహించారనవచ్చు. సాత్త్వికం మాత్రం ఇద్దరి మధ్య ఉంది. గొంతులోని వణుకు కంట్లోని చెమ్మను చేరినప్పుడే అది పుడుతుంది. ఆ కలయిక ఏ ఒక్కరి ఆస్తీ కాదు.

ఈ పంపకంలో గౌరవం కూడా అసమానంగానే పంపకమైంది. మైకు ముందు కదలక నిలబడి పాడే గాయని గొంతుకు కుటుంబ గౌరవం, భక్తి, పవిత్రత అంటుకున్నాయి. అదే భావాన్ని అంగాంగాలతో పలికించిన నటికి జనాదరణతోపాటు అనుమానపు చూపు కూడా దక్కింది. శృంగార గీతం పాడిన గొంతు పూజగదిలో వినిపించే భక్తిగీతంలోనూ ఆదరణ పొందింది. ఆ శృంగారాన్ని అభినయించిన ముఖానికి అంత తేలికగా ఆ గది తలుపు తెరుచుకోలేదు. గొంతుల మధ్య కూడా అంతరాలు ఏర్పడ్డాయి. ఎల్.ఆర్. ఈశ్వరి వంటి సమర్థురాలైన గాయనిని క్లబ్ పాటల గొంతుగా ముద్రవేయటం, ఆ పాటలు అభినయించిన దేహాల మీది నిందను గొంతు మీదికి కూడా మళ్ళించటమే. నిందను ఒకరికి, మన్ననను మరొకరికి పంచే ఈ పద్ధతిని నేపథ్యగాన సాంకేతికత సృష్టించలేదు. స్త్రీ కళాకారుల పట్ల సమాజానికి ముందునుంచీ ఉన్న సంకోచం, ఈ సాంకేతికతలో తనకు అనువైన ఏర్పాటు చూసుకున్నది.

మనిషి లేని గొంతు

గొంతును దేహం నుంచి వేరు చేసే ప్రక్రియ ఇప్పుడు మరో మెట్టు దిగింది. కృత్రిమ మేధ సాయంతో గాయకుల గొంతును యంత్రం అనుకరించగలుగుతున్నది. 2024 నాటి ‘లాల్ సలాం’లో ఎ.ఆర్. రహ్మాన్ కీర్తిశేషులైన ఇద్దరు గాయకుల గొంతులను ఈ పద్ధతిలో వాడి, వారి కుటుంబాల అనుమతి తీసుకున్నామనీ ప్రతిఫలం చెల్లించామనీ ప్రకటించారు. అనుమతి లేని అనుకరణల మీద 2024లో అరిజిత్ సింగ్, 2025లో ఆశా భోస్లే బొంబాయి హైకోర్టును ఆశ్రయించి రక్షణ పొందారు.

సాధారణీకరణాన్ని సాకుగా వాడితే ఇక్కడ కూడా అభ్యంతరం ఉండకూడదు. వినేవారికి రసం కలిగితే చాలును. కానీ పై విభజనను అంగీకరిస్తే తేడా స్పష్టమవుతుంది. లీల గొంతు సావిత్రి ముఖాన్ని చేరినప్పుడు లీల ఆ పాట నేర్చుకున్నారు, పాడటానికి ఒప్పుకున్నారు, ఏ మాటను ఎలా పలకాలో నిర్ణయించుకున్నారు. యంత్రం అనుకరించిన గొంతులో పోలిక ఉంటుంది, నిర్ణయం ఉండదు. గొంతు నిజంగానే కిరీటంవంటి ఆహార్యమైపోతుంది. ‘మహల్’ రికార్డు మీద పేరు మాత్రమే పోయింది. ఇక్కడ పాడటమన్న క్రియే పోతుంది. అందువల్ల అనుమతి, ప్రతిఫలం, పేరు అన్న మూడింటినీ మర్యాదగా కాక కనీస ధర్మంగా పరిగణించవలసి ఉంటుంది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. గొంతునూ ముఖాన్నీ కలపటం అసత్యం కాదు. రంగస్థల ప్రతీతి స్వభావమే అటువంటిది. తన పాట తాను పాడుకొనే నటి ఆధిక్యం కళాసత్యంలో కాక స్వాధీనతలో ఉంది. రసానుభవంలోని విస్మృతి దోషం కాదు, దాన్ని పేరులోకి, ప్రతిఫలంలోకి, చరిత్రలోకి పొడిగించటం దోషం. ఈ దోషం గాయని పట్ల జరిగినంతగా నటి పట్ల కూడా జరిగింది.

ఈ చరిత్రను రాసేవారిలో సాహిత్య పరిశోధకులు కూడా ఉన్నారు. కనుక ఈ ధర్మం వారికీ వర్తిస్తుంది. సినిమా పాటను ఉదాహరించేటప్పుడు రచయిత పేరుతో ఆగిపోవటం, ‘కామిని’ అని అచ్చువేసిన రికార్డు చీటీకి దూరం కాదు. రచయిత, స్వరకర్త, గాయని, నటి అన్న నాలుగు పేర్లూ చెప్పటం వల్ల వ్యాసానికి ఒక పంక్తి పెరుగుతుంది. పాట గురించి అడగదగిన ప్రశ్నలు కూడా పెరుగుతాయి. ఒకే పింగళి మాట లీల గొంతులో ఒక తీరుగా, సావిత్రి కనుబొమలో మరో తీరుగా అర్థమిస్తున్నప్పుడు, కాగితం మీది పాఠాన్ని మాత్రమే చదవటం అసంపూర్ణ పఠనమవుతుంది.

1968లో సావిత్రి దర్శకత్వంలో ‘చిన్నారి పాపలు’ విడుదలైంది. మహిళలే ప్రధాన బాధ్యతలు వహించిన ఆ చిత్రానికి సంగీత దర్శకురాలు పి. లీల. ‘మిస్సమ్మ’లో, ‘మాయాబజార్’లో ఒకే స్త్రీగా కనిపించి వినిపించిన ఇద్దరూ అక్కడ ఎవరి పేరుతో వారు, ఎవరి పని వారు చేశారు. చిత్రం ఆర్థికంగా నిలబడలేదు. అయినా ముఖమూ గొంతూ పక్కపక్కన రెండు పేర్లుగా నిలిచిన ఆ శీర్షికల పట్టిక, ఈ వ్యాసం కోరిన లోకధర్మానికి తెలుగు సినిమా తానే ఇచ్చుకున్న ఉదాహరణ.